వెలుగవలసిన దీపము వెలుగనప్పుడు
బండి ఇంజను హెచ్చరిక దీపమును పరీక్షించు విధము

కూరగాయలను సంతకును, ధాన్యమును మార్కెట్ యార్డుకును చేరవేయుటకు నేడు రైతులు చిన్న సరకు బండ్లను, కార్లను విరివిగా వాడుచున్నారు. వీని డాష్‌బోర్డుపై ఇంజను బొమ్మ గల పసుపురంగు దీపమొకటి ఉండును. దీనినే చెక్ ఇంజను లైటు అందురు. ఇది వెలిగినచో ఎవరైనను కంగారుపడి మెకానిక్కు వద్దకు పోవుదురు. కాని తాళము త్రిప్పినపుడు వెలుగవలసిన ఈ దీపము వెలుగకున్నచో గమనించువారు అరుదు. పైరులో ఆకు రంగు మారకమునుపే పోషకలోపము దిగుబడిని తగ్గించుట కలదు. దానిని 'దాగిన ఆకలి' అందుము. దీపము చెడిన బండి స్థితియు ఇట్టిదే. లోపమున్నను పైకి కనిపించదు.

దీపము పని ఏమి?

మన దేశమున 2020 ఏప్రిల్ 1 నుండి భారత్ స్టేజి 6 ప్రమాణములు అమలులోనికి వచ్చినవి. ఈ బండ్లలో ఇంధనమును, పొగను అదుపుచేయు కంప్యూటరు పెట్టె ఉండును. దీనిని ఈ.సి.యు. అందురు. సెన్సరులు పంపు కొలతలలో తేడా వచ్చినచో ఇది ఆ లోపపు సంఖ్యను దాచుకొని, దీపమును వెలిగించును. దీపము వెలుగనిచో పెట్రోలు బండిలో సిలిండరు సరిగా మండకున్నను మనకు తెలియదు. మండని పెట్రోలు పొగగొట్టములోనికి పోయి, పొగను శుద్ధిచేయు క్యాటలిటిక్ కన్వర్టరును పాడుచేయును. డీజిలు బండిలో మసి పట్టు ఫిల్టరు పూడుకొనిపోవచ్చును. ఇవి రెండును ఖరీదైన భాగములు.

తొలి పరీక్ష

బండిని నీడలో నిలుపవలెను. ఇంజనును నడపక, తాళమును 'ఆన్' స్థానము వరకే త్రిప్పి డాష్‌బోర్డును చూడవలెను. ఇంజను బొమ్మ వెలుగవలెను. ఇంజను నడిచిన కొద్ది సెకనులలో ఆరిపోవలెను. కొన్ని బండ్లలో ఇంజను నడవకమునుపే ఆరిపోవును. కావున తాళము త్రిప్పిన క్షణముననే చూడవలెను. ఆ సమయమున అసలు వెలుగకున్నచో లోపమున్నదని తెలిసికొనవలెను.

లోపము ఎచ్చట?

1. ఏ దీపమును వెలుగనిచో: బ్యాటరీని, దాని టెర్మినళ్లను, తాళపు స్విచ్చిని, డాష్‌బోర్డు ఫ్యూజును చూడవలెను. నిలకడగా ఉన్న మంచి బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపును. టెర్మినళ్లకు పట్టిన తెల్లని చిలుమును తీసి బిగించవలెను.

2. ఆయిలు, బ్యాటరీ దీపములు వెలిగి, ఇంజను దీపము మాత్రము వెలుగక, ఇంజను కూడ స్టార్టు కాకున్నచో: ఈ.సి.యు.కు కరెంటు అందుటలేదేమోనని అనుమానింపవలెను. దాని ఫ్యూజును, మెయిన్ రిలేను, ఎర్త్ తీగను పరీక్షింపవలెను.

3. ఇంజను చక్కగా నడుచుచు, ఈ దీపము మాత్రము వెలుగనిచో: ఈ.సి.యు.కు కరెంటు అందుచున్నదన్నమాట. అప్పుడు లోపము దీపములోగాని, డాష్‌బోర్డు లోపలి పలకలోగాని, మధ్యనున్న తీగలోగాని ఉండును.

ధాన్యపు కొట్టము ప్రక్కన నిలుపు బండ్లలో ఎలుకలు తీగలను కొరుకుట సామాన్యము. కావున బానెటు తెరచి తీగల కట్టలను చూడవలెను. నీటి పైపుతో ఇంజనును కడిగిన పిమ్మట లోపము కనిపించినచో కనెక్టర్లలో తడి చేరినదేమో చూడవలెను.

స్కానరు తీర్పు

స్టీరింగు క్రింద 16 పిన్నుల సాకెట్టు ఒకటి ఉండును. మెకానిక్కు దీనికి స్కానరు తగిలించి, దీపమును వెలిగింపుమని ఈ.సి.యు. ఆజ్ఞ ఇచ్చుచున్నదో లేదో చూడగలడు. ఆజ్ఞ ఉండి దీపము చీకటిగా ఉన్నచో లోపము దీపమువైపున గలదు. స్కానరే పనిచేయనిచో ముందుగా ఆ సాకెట్టు ఫ్యూజును చూడవలెను. పెక్కు బండ్లలో ఫోను చార్జింగు సాకెట్టుకును దీనికిని ఒకే ఫ్యూజు ఉండును.

పాతబండి కొనువారికి

ఇంజను లోపమును దాచుటకై కొందరు అమ్మకందారులు దీపమును తీసివేయుట, నల్లని టేపు అంటించుట కలదు. కావున బేరము కుదుర్చుకొనకమునుపే పై తొలి పరీక్షను మీ కంటితో చూడుడు. స్కానరు కూడ పెట్టించుడు. లోపపు సంఖ్యలు ఇటీవల తుడిచివేసినచో బండి స్వయముగా చేసికొను పరీక్షలు పెక్కు 'పూర్తి కాలేదు' అని స్కానరు చూపును. అట్టి బండిని కొన్నిదినములు నడిపి, మరల పరీక్షించిన పిదపనే సొమ్ము చెల్లించుట మంచిది.

చేయరాని పనులు

కాలిన ఫ్యూజు స్థానమున రాగితీగ చుట్టరాదు. అంతే ఆంపియర్ల ఫ్యూజునే వేయవలెను. అదికూడ వెంటనే కాలినచో తీగ ఎచ్చటనో ఒరసికొనుచున్నదని గ్రహింపవలెను. ఇంజను నడుచుచుండగా బ్యాటరీ తీగ ఊడదీయరాదు. ఈ.సి.యు. తీగలను మామూలు బల్బుతో పరీక్షింపరాదు. మల్టీమీటరునే వాడవలెను.

ఎర్రని ఆయిలు దీపమునకును తాళము త్రిప్పినపుడు వెలుగు పరీక్షయే వర్తించును. ట్రాక్టరులో ఈ దీపమున్నచో దానినికూడ ఇట్లే చూచుకొనవలెను. ఆయిలు ఒత్తిడి పడిపోయినది తెలియక నడిపినచో బేరింగులు పట్టివేయును. నడుచుచుండగా ఈ ఎర్రని దీపము వెలిగినచో ఇంజనును తక్షణమే ఆపవలెను.

ప్రతి ఉదయము తాళము త్రిప్పినపుడు ఒక్కమారు దీపములవైపు చూచుట అలవాటు చేసికొనుడు. దీనికి ఖర్చు లేదు. సరుకు నింపుకొని యార్డుకు పోవు దినమున బండి త్రోవలో ఆగిపోవు బాధ చాలవరకు తప్పును.