పూటకూళ్ళ ఇల్లు, కాఫీ హోటలు

ఓరుగల్లు వీధులలో ప్రొద్దుననగా బయలుదేరి వింతలన్నీ చూస్తూ తిరిగే మిత్రులిద్దరికి మధ్యాహ్నమయ్యేసరికి భోజనం మాట గుర్తుకు వచ్చినది. ఒకడు మంచనశర్మ, రెండవవాడు టిట్టిభసెట్టి. వీరు 'క్రీడాభిరామ'మనే వీథి నాటకంలోని పాత్రలు. ఆ గ్రంథం శ్రీనాథునిదా, వినుకొండ వల్లభరాయనిదా అనే వివాదం పండితుల మధ్య చిరకాలంగా నడుస్తున్నది. ఆ వివాదంతో ఇక్కడ పని లేదు. లక్ష్మణవజ్ఝల ఇంట ఒక్క రూకకు ఎటువంటి భోజనం దొరుకుతుందో కవి ఒకే పద్యంలో లెక్క ఒప్పజెప్పినాడు. కర్పూరభోగి బియ్యపుటన్నం, గోధుమపిండి వంట, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజుళ్ళు, కమ్మని పెరుగు. వంటకాలతోపాటు ధర కూడా చెప్పిన ఆ పద్యం, నేటి హోటలు గోడకు వ్రేలాడే పలకకు ముత్తాత వంటిది.

'కూడు' అన్న మాట ఇప్పుడు కొంత మోటుగా వినిపిస్తుంది. కోపంలోనో దైన్యంలోనో తప్ప ఎవరూ దానిని నోట పలకరు. పూర్వం అది అన్నానికి సాదా పేరు. కూడుకు బహువచనం కూళ్ళు. పూటకు ఇంత అని సొమ్ము పుచ్చుకొని కూడు పెట్టే ఇల్లు పూటకూళ్ళ ఇల్లు. ఎరిగినవారు లేని ఊరికి పోయిన బాటసారికి ఆనాడు సత్రమైనా దిక్కు కావలె, పూటకూళ్ళయినా దిక్కు కావలె. సత్రంలో అన్నం ఉచితం. దాతకు పుణ్యం, తిన్నవానికి తృప్తి. కాని చారులో ఉప్పు తగ్గినదని సత్రంలో అనరాదు. పూటకూళ్ళ ఇంటిలో అనవచ్చును. రూక ఇచ్చినవానికి పప్పు మరొక గరిటె అడిగే హక్కు ఉన్నది, వంట బాగులేదని రేపు మరొక ఇంటికి పోయే స్వేచ్ఛ ఉన్నది. ఈ హక్కు ఎంతటిదో తెలియాలంటే వారాలు చేసి చదువుకున్నవారిని అడగవలసినది.

వారాల సంగతి ఈ తరం విద్యార్థులకు కథలలో తప్ప తెలియదు. పల్లెటూరి బీద బాలుడు చదువుకోసం పట్టణం వచ్చి, ఆదివారం ఒక ఇంట, సోమవారం మరొక ఇంట భోజనం కుదుర్చుకొనేవాడు. ఆరిళ్ళు మాత్రమే కుదిరితే ఏడవనాడు పస్తు. వడ్డించిన తల్లులలో అన్నపూర్ణలు ఎందరో ఉన్నారు, సందేహం లేదు. వారి చలువ లేకపోతే తెలుగుదేశంలో ఎన్నో చదువులు మధ్యలోనే ఆగిపోయేవి. అయినా, ఎంత దయగల ఇల్లైనా, వారాల పిల్లవాడు రెండవసారి నెయ్యి అడగడు. వడ్డించినది తిని, తన విస్తరి తానే ఎత్తి, ఆ ఇంటివారు బజారు పని చెబితే కాదనకుండా చేసిపెట్టి బడికి పరుగెత్తుతాడు. కడుపు నిండినా వాని వీపు మీద ఒక బరువు మిగిలి ఉంటుంది. నాలుగు డబ్బులు చేతిలో ఆడిననాడు మొట్టమొదట అతడు పూటకూళ్ళ ఇంటికే పోయి, ఎవరి మొగమూ చూడకుండా కడుపారా తిన్నాడంటే ఆశ్చర్యమేమున్నది?

ఆ అన్నం వండిపెట్టిన చేతుల కథ వేరు. గురజాడ అప్పారావు 'కన్యాశుల్కం' 1892లో ప్రదర్శితమైనది, 1897లో అచ్చయినది, 1909లో పెరిగి నేటి రూపానికి వచ్చినది. అందులో పూటకూళ్ళమ్మను తలచుకోగానే చీపురుకట్ట, గిరీశం పరుగు జ్ఞాపకం వచ్చి పాఠకులు నవ్వుతారు. సంతలో సామాను కొనిపెడతానని చెప్పి ఆమె దగ్గర గిరీశం ఇరవై రూపాయలు పట్టుకుపోయి తన విలాసాలకు ఖర్చుపెట్టినాడు. ఆ ఇరవై రూపాయలు ఆనాటి పూటకూళ్ళమ్మకు ఎన్ని విస్తళ్ళ సంపాదనో నవ్వేవారెవరూ లెక్క వేయరు. భర్త పోయిన స్త్రీకి పుట్టినింటిలోనో మెట్టినింటిలోనో చాకిరీ తప్ప వేరు గతి లేని కాలంలో, తన పొయ్యి మీద తన బ్రతుకు తాను నిలుపుకొనే మార్గాలు వ్రేళ్ళ మీద లెక్కపెట్టదగినన్ని. వాటిలో ఇది ఒకటి. నలుగురు మగవారు వచ్చి తిని పోయే ఇల్లు గనుక లోకం దానికి చులకన పేరు పెట్టినది. పెట్టి, అక్కడే భోజనం చేసినది.

ఒంగోలులో అటువంటి ఇల్లు ఒకటి ఉండేది. టంగుటూరి గోపాలకృష్ణయ్య మరణించేనాటికి ఆయన కుమారుడు ప్రకాశానికి ఇంకా పన్నెండేళ్ళు నిండినట్టు లేదు. తల్లి సుబ్బమ్మ పిల్లలను వెంటబెట్టుకొని ఒంగోలు చేరి పూటకూళ్ళ ఇల్లు నడిపినది. గౌరవ కుటుంబాలవారు చిన్నచూపు చూసే వృత్తి అని ఎరిగియే ఆమె గరిటె పట్టినది. వచ్చినవారికి అన్నం పెట్టి, మిగిలిన దానితో పిల్లలను సాకి, కొడుకును బడికి పంపినది. ఆ బాలునిలోని తెలివిని కనిపెట్టిన ఉపాధ్యాయుడు ఇమ్మానేని హనుమంతరావు నాయుడు తాను రాజమహేంద్రవరం వెళ్ళినప్పుడు అతనిని కూడా తీసుకొనిపోయినాడు. ఆ ప్రకాశమే బారిస్టరై, ఆంధ్రకేసరియై, 1946లో మద్రాసు రాష్ట్రానికి ప్రధానమంత్రి, 1953లో ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి అయినాడు. ఆయన చరిత్ర పాఠంగా చెప్పే తరగతులలో సైమను కమిషనునాటి సాహసం గట్టిగా చెబుతారు. ఒంగోలు వంటింటి పొగ కూడా ఒక వాక్యంలో చెప్పదగినదే.

ఇంతవరకు చెప్పిన విస్తళ్ళ ముందు కూర్చునే అర్హత అందరికీ లేదన్నది మరువరాదు. పూటకూళ్ళ ఇండ్లలో పంక్తి కులాన్ని బట్టి సాగేది. ఇరవయ్యవ శతాబ్దం మొదటి భాగంలో కాఫీతోపాటు కాఫీ హోటళ్ళు వచ్చినవి. కన్నడదేశపు ఉడిపి నుంచి, అక్కడి కృష్ణాలయపు వంటల పేరు చెప్పుకొనే శివళ్ళి బ్రాహ్మణులు ఇడ్డెన, దోసె, సాంబారు తీసుకొని దక్షిణదేశమంతటా పరచుకొన్నారు. కాఫీ తాగితే ఆరోగ్యం చెడుతుందనీ, ఆచారం చెడుతుందనీ పెద్దలు గోల పెట్టినారు. వారి రెండవ భయంలో నిజం లేకపోలేదు. రూపాయికి, అణాకు కులం అంటదు. బల్ల ముందు కుర్చీలో పక్కన కూర్చున్నవానిది ఏ శాఖ అని ప్రతిసారీ అడగడం సాధ్యం కాదు. అయినా ఆచారం అంత తేలికగా ఓడిపోలేదు. పలకల మీద 'బ్రాహ్మణ' పదం నిలిచినది. కొన్నిచోట్ల లోపల వేరు గది, వేరు పంక్తి నిలిచినవి. అంటరానివారని పేరు పడ్డవారికైతే గడప కూడా దక్కలేదు.

హైదరాబాదులో మాత్రం మరొక విధమైన హోటలు పెరిగినది. ఇరాను నుంచి బొంబాయి, పూనాల మీదుగా వచ్చినవారు కూడలి మూలలలో దుకాణాలు తీసుకొని పాలరాతి బల్లలు, వంపు కర్రల కుర్చీలు వేసినారు. ఇరానీ చాయ్‌లో టీ డికాక్షను వేరుగా, పాలు వేరుగా సన్నని సెగ మీద గంటల తరబడి మరుగుతవి. కప్పులో అవి కలుసుకొనేసరికి ఆ చిక్కదనం, ఆ రంగు మరెక్కడా రావు. పక్కన తీపీ ఉప్పూ కలిసిన ఉస్మానియా బిస్కత్తు ఉంటే చాలు. డబ్బు తక్కువైన విద్యార్థులు ఒక చాయ్ చెప్పి ఇద్దరు పంచుకొంటారు. వడ్డించేవాడు రెండవ కప్పు తానే తెచ్చి పెడతాడు. ఆ పాలరాతి బల్ల దగ్గర రిక్షావాడూ, గుమాస్తా, కవీ మోచేతులు ఆనించి కూర్చున్నారు. యజమానికి ఈ దేశపు కులాల లెక్క పుట్టుకతో వచ్చినది కాదు. ఆ మేరకు అతని బల్ల విశాలమైనది. హైదరాబాదువారు ఆ హోటళ్ళ మీద చూపే మమకారంలో చాయ్ రుచి ఎంతో, గంటసేపు కూర్చున్నా లెమ్మనని ఆ ఓర్పు కూడా అంత.

1950 జనవరి 26న అమలులోకి వచ్చిన రాజ్యాంగం పదునైదవ అధికరణలో దుకాణాలు, భోజనశాలలు, హోటళ్ళ పేర్లు ఎత్తి మరీ, కులమతాల కారణంగా అక్కడ ఎవరినీ అడ్డగించరాదన్నది. భారతదేశపు మూలశాసనంలో హోటలు ప్రస్తావన ఎందుకని పాఠశాలలో ఏ బాలుడైనా అడిగితే, ఉపాధ్యాయుడు సంతోషించవలసిన ప్రశ్న అది. 1955లో అస్పృశ్యతా నేరాల చట్టం వచ్చినది. చట్టం వచ్చిన తరువాత కూడా ఎన్నో దశాబ్దాలు తెలుగు పల్లెల టీ హోటళ్ళలో రెండు గ్లాసుల పద్ధతి నడిచినది. ఊరివారికి లోపల ఒక రకం గ్లాసు. మాలమాదిగ వాడలవారికి చూరు క్రింద వేరు గ్లాసు, తాగినవారే కడిగి పెట్టవలసినది. ధర మాత్రం ఇద్దరికీ ఒకటే. రూక ఇచ్చినా హక్కు రాని చోటు అది. ఆ గ్లాసులు వాటంతట అవి పగిలిపోలేదు. పట్టుబట్టి బల్ల మీద కూర్చున్న యువకులు, అందుకు దెబ్బలు తిన్నవారు ఉన్నారు.

ఇప్పుడు ప్రతి సీమకూ తన తృప్తి తనకున్నది. అనంతపురం, కర్నూలు వైపు తెల్లవారగానే చిన్న హోటళ్ళలో నానవేసిన బొరుగులతో చేసిన ఉగ్గాని, వేడి మిరపకాయ బజ్జి సిద్ధమవుతవి. కృష్ణా గుంటూరులలో పెసరట్టు మీద ఉప్మా వేసి మడుస్తారు. మాంసాహారం పెట్టే చోటును మిలిటరీ హోటలు అనే అలవాటు పాతవారి నోట ఇంకా ఉన్నది. అక్కడ రాగిసంగటి ముద్దలో గుంట చేసి నాటుకోడి పులుసు పోసుకొనేవానికి చెంచా ఇవ్వడం అపచారం. కల్లు కాంపౌండులలో ఉడికించిన సెనగ గుడాలు ఉల్లిపాయ ముక్కలతో నంజుకుంటారు. వీటన్నిటికీ అందమైన గదులు అక్కరలేదు. పొయ్యి కంటి ముందు కనిపిస్తూ ఉండవలె, వంట పొయ్యి దిగిన వెంటనే విస్తరిలోకి రావలె.

పూటకూళ్ళ ఇంటికి అసలైన వారసురాలు మాత్రం పట్టణపు మెస్సు. నెల టిక్కెట్లు కొన్న కాలేజీ విద్యార్థి, కొత్తగా బదిలీ అయి వచ్చిన బడి మాస్టరు, కోర్టు పనికి వచ్చిన రైతు ఒకే వరుసలో కూర్చుంటారు. పప్పు, గోంగూర, ఒక వేపుడు, పులుసు, చారు, పెరుగు. నెయ్యి గిన్నె ఒకసారి వచ్చి వెళ్ళిపోతుంది, అన్నం పళ్ళెం మాత్రం తిరుగుతూనే ఉంటుంది. యజమాని లాభనష్టాల శాస్త్రమంతా ఆ రెండింటి నడకలోనే ఉన్నది. అయినా వడ్డించేవానికి ఆ శాస్త్రం ఎప్పుడూ పూర్తిగా పట్టుబడదు. మాస్టరు చాలు చాలని చేయి అడ్డం పెడతాడు. "పెరుగన్నంలోకండీ, ఇంత మారు వడ్డన లేకపోతే ఎట్లా?" అంటూ వాడు ఆ చేతి సందులోనుంచే మరొక గరిటె అన్నం జారవిడిచి, పక్క విస్తరి దగ్గరకు పోతాడు.