సూరత్ మేడల మీద బోన్సాయ్ చలికాలం

జనవరి రాత్రుల్లో జపాన్‌లోని ఒమియా బోన్సాయ్ పల్లెలో ఉష్ణోగ్రత తరచూ సున్నా డిగ్రీలకు దిగువకు పడిపోతుంది. 1923లో వచ్చిన కాంటో భూకంపం తర్వాత టోక్యో నుంచి తరలివెళ్లిన తోటమాలులు 1925లో స్థాపించిన పల్లె అది. బోన్సాయ్ పుస్తకాల్లో కనిపించే కాలపట్టిక చాలావరకు ఇలాంటి చలి ప్రాంతాల్లో తయారైందే. అదే జనవరిలో సూరత్‌లో తెల్లవారుజామున 15 డిగ్రీలుంటే మధ్యాహ్నానికి 30 డిగ్రీలవుతుంది. తాపీ నది తీరంలోని ఆ ఊళ్లో మేడల మీద, బాల్కనీల్లో కుండీల్లో పెరిగే జువ్వి, రావి, మర్రి, కాగితపు పూల చెట్లకు మంచు ముప్పే లేదు. మరమగ్గాల పని కోసం వెళ్లి లింబాయత్ వంటి పేటల్లో స్థిరపడిన తెలంగాణ కుటుంబాలకు ఈ చలికాలం కొత్తేమీ కాదు. కరీంనగర్, వరంగల్, హైదరాబాద్ చలి కూడా ఇంచుమించు ఇలాంటిదే. కాబట్టి సూరత్ బోన్సాయ్ ప్రియులకు పనికొచ్చే పద్ధతి మన ఊళ్లకూ పనికొస్తుంది.

కుండీలోని చెట్టు చలికాలాన్ని మూడు కొలతల్లో గుర్తిస్తుంది: పగటి పొడవు, వేళ్ల దగ్గరి వేడి, చుట్టూ ఉన్న తేమ. ఈ మూడూ ఏ ఊళ్లో ఎలా మారుతున్నాయో గమనించి పని చేయాలి. పరాయి ఊరి కాలపట్టికను తెచ్చుకుని పాటిస్తే చెట్టు నష్టపోతుంది.

నిద్రపోయే చెట్లు, నెమ్మదించే చెట్లు

మేపుల్ వంటి చలిదేశపు చెట్ల ఆకుల్లో ఫైటోక్రోమ్ అనే వర్ణకం ఉంటుంది. పగలు కురచవుతూ రాత్రి పెరుగుతున్న సంగతిని చెట్టు దాని ద్వారానే పసిగడుతుంది. ఆ సంకేతంతో కొమ్మ చివర పెరుగుదల ఆగి, గట్టి పొరలు కప్పిన మొగ్గ ఏర్పడుతుంది. బర్చ్, పాప్లర్ చెట్ల మీద జరిగిన పరిశోధనలు ఆ మొగ్గ లోపల జరిగేదాన్ని బయటపెట్టాయి. కణాన్ని కణంతో కలిపే అతి సన్నని దారులను క్యాలోస్ అనే పదార్థం మూసేస్తుంది. పెరగమని చెప్పే సంకేతాలు ఒక కణం నుంచి మరో కణానికి చేరవు. వారాల తరబడి చలి తగిలాక తయారయ్యే ఎంజైములు ఆ అడ్డును కరిగిస్తాయి. దారులు తెరుచుకున్న తర్వాతే మొగ్గ వెచ్చదనానికి స్పందించగలుగుతుంది.

ఆ చలి సూరత్‌లో దొరకదు. అందుకే ఆశపడి తెచ్చుకున్న మేపుల్ అక్కడ సరిగా చిగురించలేక ఏటికేడు నీరసిస్తుంది. అది పెంచినవారి లోపం కాదు. మొగ్గలోని తాళం తీసే చలి ఆ ఊరికి రాదు, అంతే.

మన చెట్ల తీరు వేరు. సూరత్‌లో డిసెంబరు చివర పగలు సుమారు 10 గంటల 50 నిమిషాలు, జూన్‌లో సుమారు 13 గంటల 25 నిమిషాలు. తేడా రెండున్నర గంటలే. మర్రి, జువ్వి ఈ తేడాకు గాఢనిద్రలోకి పోవు. రాత్రి చల్లదనానికి జీవక్రియ వేగం తగ్గి, పెరుగుదల మందగిస్తుంది. మధ్యాహ్నపు ఎండలో ఆకులు మాత్రం ఆహారం తయారు చేస్తూనే ఉంటాయి. కాబట్టి చలికాలమని వీటిని నీడలోకి మార్చడం తప్పు. ఎండ మెత్తబడిన ఈ నెలల్లోనే వాటికి నిండు వెలుతురు కావాలి.

ఇక అడీనియం, బావోబాబ్ వంటివి పొడికాలంలో విశ్రమించే చెట్లు. ఆకు రాల్చి, ఉబ్బిన కాండంలో దాచుకున్న నీటితో గడుపుతాయి. ఆకు లేని చెట్టు నీటిని పెద్దగా తాగదు. అప్పుడు రోజూ నీరు పోస్తే వేరు కుళ్లుతుంది.

లోతు లేని కుండీలో నీటి లెక్క

బోన్సాయ్ చెట్లు చచ్చిపోవడానికి నీరు చాలకపోవడం ఒక కారణమైతే, నీరు నిలవడం మరో కారణం. రెండోదాని వెనుక చక్కటి భౌతికశాస్త్రం ఉంది. కుండీకి రంధ్రమున్నా, అడుగున కొంత మందాన మట్టి నీటితో పూర్తిగా నిండిపోయి ఉంటుంది. మట్టి రేణువుల మధ్య సందులు నీటిని పట్టి ఉంచడమే దీనికి కారణం. ఆ తడి పొర ఎత్తు రేణువుల సైజును బట్టి ఉంటుంది. కుండీ లోతుతో దానికి సంబంధం లేదు. తడి చీరను మేడ మీద నుంచి నిలువునా వేలాడదీస్తే పైభాగం తొందరగా ఆరి, కింది కొంగు మాత్రమే తడిగా ఉంటుంది. అదే చీరను తాడు మీద అడ్డంగా పొడవునా పరిస్తే కింది అంచంతా నీళ్లోడుతూ ఉంటుంది. లోతైన కుండీకి, పళ్లెంలాంటి బోన్సాయ్ కుండీకి తేడా ఇదే. తక్కువ లోతున్న కుండీలో మెత్తటి మట్టి వేస్తే వేళ్లకు గాలాడే చోటే మిగలదు.

సూరత్ చుట్టూ ఉన్నది నల్లరేగడి. తడిస్తే ఉబ్బి, ఎండితే బీటలు వారే ఆ నేల పత్తికి మంచిదే కానీ ఈ కుండీలకు పనికిరాదు. జల్లించిన ఇటుక ముక్కలు, ముతక ఇసుక, కొద్దిగా మాగిన పశువుల ఎరువు కలిపిన మిశ్రమం నయం. జల్లెడ పట్టి సన్నటి పొడిని తీసేయడం చాదస్తంలా కనిపిస్తుంది గానీ, వేరు ఊపిరి దాని మీదే ఆధారపడి ఉంది.

చలికాలంలో గాలి పొడిగా ఉండి, మధ్యాహ్నం వెచ్చగా ఉంటుంది కాబట్టి ఆకులున్న చెట్టు కుండీ త్వరగానే ఆరుతుంది. రోజుకిన్ని నీళ్లని లెక్క పెట్టుకోకుండా, వేలితో మట్టిని తాకి చూసి, పైపొర ఆరితే ఉదయం పూట పోయాలి. పోసినప్పుడు అడుగు రంధ్రం నుంచి నీరు కారేదాకా పోస్తే పేరుకున్న లవణాలు కడుక్కుపోతాయి. పెరుగుదల మందగించిన జాతులకు ఎరువు తగ్గించాలి. వేరు తీసుకోని ఎరువు మట్టిలో ఉప్పుగా మిగులుతుంది.

తీగ చుట్టే నెలలు

టోక్యోలో 1934లో మొదలైన కొకుఫు బోన్సాయ్ ప్రదర్శనను ఫిబ్రవరిలో జరుపుతారు. ఆకు రాలిన చెట్టులో కొమ్మల అల్లిక పూర్తిగా కనిపించే కాలమది. సూరత్‌లో ఆకులు అంతగా రాలకపోయినా, కొత్త చిగుళ్లు తక్కువ కాబట్టి కొమ్మల తీరు చూసి అల్యూమినియం తీగ చుట్టడానికి చలికాలపు నెలలు అనువైనవే.

తీగ కొమ్మను వంచి పట్టుకుంటుంది, అంతే. ఆ వంపును శాశ్వతం చేసేది చెట్టే. బెరడు కింద ఉండే కేంబియం పొర కొత్త కలపను చేర్చుకుంటూ పోతే, ఆ కలప కొత్త ఆకారంలోనే గట్టిపడుతుంది. అందువల్ల డిసెంబరులో చుట్టిన తీగ ఫలితం మార్చి చిగురు తర్వాతే తెలుస్తుంది. అప్పుడు కొమ్మ వేగంగా లావవుతుంది కాబట్టి, తీగ బెరడులోకి దిగకముందే కత్తిరించి తీసేయాలి. వేళ్లు కత్తిరించి కుండీ మార్చే పనిని మాత్రం ఫిబ్రవరి చివరికో, తొలకరికో వాయిదా వేయాలి. చల్లటి మట్టిలో గాయపడిన వేరు కోలుకోవడం ఆలస్యమవుతుంది.

నలుగురూ కలిస్తే

చలికాలపు పనుల్లో చాలావాటికి చేతులు ఎక్కువ కావాలి. మట్టి జల్లించడం, కుండీలు కడగడం, పిండినల్లి కోసం ఆకుల అడుగున వెతికి వేపనూనె కొట్టడం, గాలి కదలని ఉదయాల్లో ఆకులపై పేరుకునే దుమ్మును కడగడం అలాంటివే. దుమ్ము వెలుతురును అడ్డుకుని, ఆకుల్లో ఆహార తయారీని తగ్గిస్తుంది. జనవరి 14న ఉత్తరాయణం నాడు సూరత్ మేడలన్నీ పతంగులతో, జనంతో నిండిపోతాయి. అంతకు ముందురోజే కుండీలను కిందికి దించుకోవడం మంచిది. గాజుపొడి రాసిన మాంజా లేత కొమ్మను కోసేస్తుంది.

వీటన్నిటికంటే విలువైన పని మరొకటుంది. ఏ చెట్టు ఏ వారంలో ఆకు రాల్చింది, ఎప్పుడు చిగురించింది, ఆ రాత్రి ఉష్ణోగ్రత ఎంత, కుండీ ఎన్నాళ్లకు ఆరింది అని ఊళ్లో బోన్సాయ్ పెంచేవాళ్లంతా కలిసి ఒకే పుస్తకంలో రాసుకోవాలి. 1625 నుంచి పెంచుతున్న యమాకి పైన్ అనే జపాన్ బోన్సాయ్ 1945లో హిరోషిమా బాంబు దాడిని తట్టుకుంది. 1976లో అమెరికాకు కానుకగా వెళ్లి, ఇప్పటికీ వాషింగ్టన్‌లో బతికే ఉంది. తరం తర్వాత తరం దాని అవసరాలను తెలుసుకుని చూసుకున్నారు కాబట్టే అది సాధ్యమైంది. సూరత్‌లో అయినా, వరంగల్‌లో అయినా కొందరు కలిసి ఐదారు చలికాలాలు ఇలా రాసిపెడితే, ఆ ఊరి చెట్లకు ఆ ఊరి కాలపట్టిక తయారవుతుంది. ఆ పుస్తకాన్ని ఈ చలికాలమే మొదలుపెట్టవచ్చు.