కోరికకో రొట్టె

నెల్లూరు స్వర్ణాల చెరువు ఒడ్డున బారాషహీద్ దర్గాలో ఉన్నవి పన్నెండుమంది వీరుల సమాధులు. కొడవలూరు మండలం గండవరం దగ్గర జరిగిన పోరులో వాళ్ల తలలు తెగిపడ్డాయని, మొండేలను మోసుకుంటూ గుర్రాలు ఈ చెరువు దాకా వచ్చి ఆగాయని కథ. యుద్ధం ఎవరెవరి మధ్య, ఏ ఏట అన్న సంగతిని ఆ కథ పెద్దగా పట్టించుకోదు. తల పోయినా మహిమ పోని వీరుడు తెలుగువాళ్లకు కొత్తవాడేమీ కాదు. శ్రీశైలంలో భక్తులు తమ తలలు తామే నరికి శివుడికి అర్పించుకునేందుకు అనవేమారెడ్డి 1378లో ఏకంగా వీరశిరోమండపమే కట్టించాడు. సమాధులు ముస్లిం వీరులవే అయినా, హిందువులు వాటికి మొక్కడంలో వింత లేదు.

రొట్టె సంగతి ఆర్కాటు నవాబుల కాలం నాటిదని చెబుతారు. చెరువులో బట్టలు ఉతికిన రజక దంపతులు పొద్దుపోయి అక్కడే నిద్రపోయారట. భార్యకు వీరులు కలలో కనిపించి, నవాబు భార్య జబ్బుతో ఉందని, తమ సమాధుల మట్టి నుదుట రాస్తే నయమవుతుందని చెప్పారట. ఆ మట్టితో నవాబు భార్య కోలుకున్నాక నవాబు దంపతులు వచ్చి మొక్కు తీర్చుకుని, తెచ్చుకున్న రొట్టెల్లో తాము తినగా మిగిలినవి అక్కడివాళ్లకు పంచారట.

ఇప్పుడది మొహర్రం నెలలో జరిగే రొట్టెల పండుగ. 2024లో జులై 17న, 2025లో జులై 6న మొదలైంది. చాంద్రమానం కాబట్టి ఏటా పదీపదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. రాష్ట్ర విభజన తర్వాత ప్రభుత్వం దీన్ని రాష్ట్ర పండుగ చేసింది. రాత్రిపూట జరిగే గంధమహోత్సవానికి జనం మరీ ఎక్కువ.

విషయమంతా చెరువు నీళ్లలోనే ఉంది. చదువు రొట్టె, ఉద్యోగ రొట్టె, పెళ్లి రొట్టె, సంతాన రొట్టె, ఆరోగ్య రొట్టె, సొంతింటి రొట్టె, ఈమధ్య విదేశీయాన రొట్టె. కోరిక తీరినవాళ్లు తలమీద గుడ్డ కప్పుకుని నీళ్లలో నిలబడి పేరు పెట్టి పిలుస్తుంటే, కావలసినవాళ్లు వచ్చి ‘పట్టుకుని’ తింటారు. కోరిక తీరాక వచ్చే ఏడు అదే రొట్టె తెచ్చి ‘వదలాలి’. చూడ్డానికి అన్నీ ఒకేలాంటి గోధుమ రొట్టెలు, పేరొక్కటే తేడా.

నగరానికి కొద్ది దూరంలో, పెన్న ఒడ్డున జొన్నవాడ కామాక్షితాయి ఆలయం ఉంది. అక్కడ శ్రీచక్రాన్ని ఆదిశంకరులు ప్రతిష్ఠించారని నమ్మకం. తొమ్మిది త్రికోణాలు ఒకదాన్నొకటి కోసుకుంటే 43 చిన్న త్రికోణాలు ఏర్పడే ఆ యంత్రాన్ని శాస్త్రోక్తంగా ఉపాసించాలంటే గురువు దీక్ష ఇవ్వాలి. రొట్టెకు దీక్ష లేదు, మంత్రం లేదు. అయినా లోపలి సూత్రం అదే: ఫలం పొందినవాడి చేతిమీదుగానే అందాలి. సంతాన రొట్టె ఇచ్చేది బిడ్డను కన్న తల్లి, ఉద్యోగ రొట్టె ఇచ్చేది కొలువు దొరికినవాడు. గురుపరంపర అంటే ఇదే కదా! కాకపోతే ఇక్కడ గురువు ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి, శిష్యరికం ఒక్క నిమిషం. కులం, మతం అడిగేవాళ్లు లేరు. ప్రాగ్ నగరంలో మట్టిబొమ్మ గోలెంకు ప్రాణం పోసిన అక్షరాలు యూదు మతగురువైన రబ్బీ గుట్టని అక్కడి కథ; నెల్లూరు గుట్టును చెరువులో గొంతెత్తి అరిచి మరీ చెబుతారు.

కోరిక తీరనివాళ్లు మరుసటి ఏడు మళ్లీ వచ్చి అదే రొట్టె పట్టుకుంటారు.