వీధి కుక్కల షెల్టర్ అంటే షెడ్డు కాదు.. విశాఖలో ఎలా కట్టాలంటే?

ఆసుపత్రి వరండాలో కుక్కలు, బస్టాండ్ ప్లాట్‌ఫాం మీద కుక్కలు.. పట్టుకోవడం సరే, తీసుకెళ్లి ఎక్కడ పెట్టాలి? విద్యాసంస్థలు, ఆసుపత్రులు, క్రీడా ప్రాంగణాలు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్లలోని వీధి కుక్కలను షెల్టర్లకు తరలించాలని 2025 నవంబర్ 7న సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆపరేషన్, టీకా అయ్యాక కూడా మళ్లీ అక్కడే వదలొద్దని చెప్పింది. విశాఖలో కేజీహెచ్, ఆర్టీసీ కాంప్లెక్స్ లాంటివి ఈ కోవలోకే వస్తాయి.

ఆపరేషన్ సెంటర్ వేరు.. షెల్టర్ వేరు

2023 ఏబీసీ రూల్స్ ప్రకారం కుక్కకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, పట్టుకున్న చోటే వదిలేస్తారు. అక్కడ కుక్క ఉండేది కొద్ది రోజులే. షెల్టర్‌లో మాత్రం ఏళ్ల తరబడి ఉండాలి. అందుకే ఇక్కడ చిన్న బోన్లు పనికిరావు. తిరగడానికి జాగా, నీడ కావాలి.

ముందు క్వారంటైన్ గదులు

కొత్త కుక్కను నేరుగా మిగతావాటితో కలిపితే పార్వో, డిస్టెంపర్ లాంటి జబ్బులు అన్నింటికీ అంటుకుంటాయి. పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతుకుతుంది. కాబట్టి మొదటి రెండు వారాలు విడిగా ఉంచాలి. గిన్నెలు, చీపుర్లు కూడా వేరుగా ఉండాలి. నేల కడిగితే శుభ్రమయ్యేలా నున్నగా ఉండాలి. ఒక గది కడిగిన నీళ్లు ఇంకో గదిలోంచి పోకూడదు. రేబిస్ అనుమానం ఉన్న కుక్కకు పూర్తిగా విడి గది తప్పనిసరి.

పిల్లులు కుక్కల పక్కనొద్దు

కుక్కల అరుపులు, వాసనకు పిల్లులు బెదిరిపోతాయి, తిండి మానేస్తాయి. వాటికి మరోవైపు గది, ఎక్కి కూర్చోవడానికి ఎత్తులో చెక్కలు, దాక్కోవడానికి పెట్టెలు పెట్టాలి. కుక్కల గదులు కూడా ఎదురెదురుగా ఉంటే అరుపులు ఆగవు.

సముద్ర గాలి, తుపాన్లు

విశాఖలో ఉప్పు గాలికి మామూలు ఇనుప మెష్ త్వరగా తుప్పు పడుతుంది. జింక్ కోటింగ్ ఉన్నది వాడాలి. ఉక్కపోతకు ఎత్తైన కప్పు, ఎదురెదురు కిటికీలు ఉండాలి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను ఈ నగరాన్ని ఎలా కుదిపేసిందో తెలిసిందే. రేకులు గట్టిగా బిగించాలి, నేల మట్టం ఎత్తులో ఉండాలి. పోర్టు బొగ్గు ధూళికి దూరంగా స్థలం చూడాలి.

లెక్క దాటితే కష్టమే

ఎన్ని కుక్కలకు కట్టారో అంతకు మించి నింపితే కొట్లాటలు, రోగాలు మొదలవుతాయి. అందుకే గేటు దగ్గరే దత్తత ఇచ్చే గది ఉండాలి. ఒక కుక్క ఇంటికి వెళ్తేనే ఇంకోదానికి చోటు దొరుకుతుంది.