మిగిలిన అన్నం వేడి చేస్తే సరిపోదా?

సరిపోదు. ఎందుకు? బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా సిద్ధబీజాలు ఉండొచ్చు. అన్నం ఉడికినా అవి చావవు. ఆ అన్నం గంటల తరబడి బయటే ఉంటే మేల్కొని, పెరిగి, విషాన్ని తయారుచేస్తాయి. వాంతులు తెప్పించే ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు!

మరి ఎలా దాచాలి? అన్నమైనా, పలావైనా వెడల్పాటి పళ్లెంలో పరిస్తే త్వరగా చల్లారుతుంది. గంట, మహా అయితే రెండు గంటల్లోపు మూతపెట్టి ఫ్రిజ్‌లో పెట్టాలి. 5 డిగ్రీల సెల్సియస్ లోపు చలిలో బ్యాక్టీరియా పెరుగుదల బాగా తగ్గిపోతుంది.

మర్నాటికల్లా తినేయాలి. కాసిని నీళ్లు చిలకరించి, లోపలిదాకా పొగలు వచ్చేలా ఒక్కసారే వేడి చేయాలి. పులిహోర కాస్త ఎక్కువసేపు నిలవడానికి చింతపండు పులుపు తోడ్పడుతుంది.

రాత్రంతా బయటే గిన్నెలో ఉండిపోయిన అన్నం మాత్రం, వాసన బాగున్నా తినకండి.