పికప్ బండిపై క్యాంపర్ పెట్టిస్తున్నారా? వెల్డింగ్ షాప్‌కి వెళ్లే ముందు ఈ లెక్క చూసుకోండి!

దేవరకొండ చుట్టుపక్కల బొలెరో పికప్ అంటే బత్తాయి, పత్తి లోడ్లే గుర్తొస్తాయి. అదే బండిపై చిన్న గది లాంటి బాక్స్ ఎక్కించి డిండి, సాగర్, శ్రీశైలం వైపు తిరిగొస్తే ఎలా ఉంటుంది? వినడానికి బాగానే ఉంది. కానీ బాక్స్ చేయించడం కంటే దాన్ని బండిపై సరిగ్గా కూర్చోబెట్టడమే అసలు పని. (మార్కెట్లో ఉన్న 'బొలెరో క్యాంపర్' పేరు చూసి పొరబడొద్దు. అది డబుల్ క్యాబిన్ పికప్, పడుకునే బండి కాదు.)

బరువు ఎంత?

ఆర్సీలో రెండు అంకెలుంటాయి. మొత్తం బరువులోంచి ఖాళీ బండి బరువు తీసేస్తే మిగిలేదే మీ చేతిలో ఉన్న లెక్క. మనుషులు కూడా అందులోకే వస్తారు. 100 లీటర్ల నీళ్లంటే 100 కిలోలు. ఇన్వర్టర్ బ్యాటరీ ఒక్కటే 50 కిలోలు దాటొచ్చు. 14.2 కిలోల గ్యాస్ సిలిండర్ నిండుగా ఉంటే దాదాపు 30 కిలోలు తూగుతుంది. 1.3 టన్నుల పికప్‌కి ఇవి భారం కాదు కానీ, టాటా ఏస్ లాంటి చిన్న బండికి కష్టమే. అంతా సర్దాక ఒకసారి వేబ్రిడ్జిపై తూయించడం మంచిది.

అసలు తేడా ఎత్తుతోనే వస్తుంది. పత్తి లోడ్ డ్రైవర్లకు ఇది చెప్పక్కర్లేదు. బరువు పైకి పోయేకొద్దీ మలుపుల్లో బండి ఊగుతుంది. అందుకే నీళ్లు, బ్యాటరీ అడుగున, వెనక ఇరుసుకి కాస్త ముందు ఉండాలి. ఇరుసు వెనక్కి పోతే ముందు చక్రాలు తేలిక అవుతాయి, స్టీరింగ్ పట్టు తప్పుతుంది. కమాన్ పట్టీలు అదనంగా వేయించినంత మాత్రాన బండి మోసే బరువు పెరగదు.

బాక్స్‌ను డాలా రేకుకి కాదు, ఛాసిస్‌కి పట్టిన ఫ్రేమ్‌కి యూ-బోల్టులతో బిగించాలి. మధ్యలో రబ్బర్ ప్యాడ్లు పెట్టాలి. ఛాసిస్‌కి నేరుగా వెల్డింగ్ గానీ, రంధ్రాలు గానీ వద్దు. కొంత దూరం నడిపాక బోల్టులు మళ్లీ బిగించాల్సిందే.

వంటగ్యాస్ గాలి కంటే బరువు. లీకైతే నేలపైనే పరుచుకుంటుంది. కాబట్టి గాలి రంధ్రం కింద కూడా ఉండాలి. తలుపులు మూసి స్టవ్ వెలిగించి పడుకోవడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే.

ఆర్టీఏ ఏమంటుంది?

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన రూపానికి విరుద్ధంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే తేల్చింది. అదే ఏడాది చట్ట సవరణతో ఒక్కో మార్పుకి రూ.5,000 జరిమానా, లేదా 6 నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు. బీమా కంపెనీకి చెప్పకుండా మార్పు చేస్తే క్లెయిమ్ కూడా చిక్కుల్లో పడుతుంది. ముందే ఆర్టీఏ ఆఫీస్‌లో రాతపూర్వకంగా అడిగాకే పని మొదలుపెట్టాలి.

దించి పెట్టుకునే బాక్స్ అయినా సరే, బండి నడుస్తున్నప్పుడు అందులో పిల్లల్ని గానీ, పెద్దల్ని గానీ కూర్చోబెట్టొద్దు. శ్రీశైలం రూట్‌లో మన్ననూర్ చెక్‌పోస్ట్ దగ్గర రాత్రి 9 గంటల నుంచి ఉదయం 6 వరకు బండ్లను అడవిలోకి వదలరు. ఆ లోపే దాటేలా బయల్దేరాలి.