తుపాను దినములకు ఇంటి నిలువ

ఆశ్వయుజ కార్తికములు వచ్చినచో కోస్తా జిల్లాల యిల్లాండ్రకు వాయుగుండమను మాట వినబడక మానదు. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ముంచిన ఉప్పెనను కృష్ణాతీరమువారు మఱువలేదు. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును తాకెను. 2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు పొంగి విజయవాడ యిండ్లలో ప్రవేశించెను. ఈ పట్టణములందు అంగళ్లకు కొదువ లేదు. అయినను బియ్యముండియు వండుటకు మంచినీరు లేక అలమటించిన సంసారములెన్నియో!

నిలువ యనగానే మనకు బియ్యము, పప్పు, చింతపండు తోచును. మేము మొదట లెక్కింపుమనునది నీటిని. త్రాగుటకును వంటకును మనిషికి దినమునకు 4 లీటర్లైనను కావలెను. ఐదుగురున్న యింటికి 3 దినములకు 60 లీటర్లు. అనగా 15 లీటర్లు పట్టు బిందెలు నాలుగు. తక్కిన వాడుకకు తొట్లు, బకెట్లు వేఱుగా నింపుకొనవలెను. విద్యుత్తు పోయిన వెనుక మోటారు తిరుగదు గనుక, హెచ్చరిక వినిన వెంటనే మేడమీది ట్యాంకు నింపుట మేలు. వరదనీరు చేరిన నేలతొట్టి నీరు తేటగా కనబడినను త్రాగరాదు. అనుమానముగల నీరు బాగుగా తెర్లిన పిదప ఒక నిమిషమైనను కాగవలెను. బిందెలు తోమి, మూతలు పెట్టి, కాడగల గరిటెతో నీరు తీయవలెను. ఎంత మడిగట్టుకొన్న చేయియైనను అందు ముంచరాదు.

నీటి తరువాత వంటచెఱకు. కేవలము విద్యుత్తు పొయ్యినే నమ్మిన యిల్లు ఆనాడు చల్లబడిపోవును. రెండవ సిలిండరు గలవారు దానిని నిండుగా నుంచుకొనవలెను. సిలిండరు నీట తేలును; కావున వరద భయమున్నచోట మూత బిగించి, నిలువుగా నుంచి, త్రాటితో కట్టవలెను. జల్లు కొట్టుచున్నదని తలుపులు మూసి గదిలో బొగ్గుల కుంపటి వెలిగించుట మిక్కిలి ప్రమాదము. అందుండి పుట్టు కార్బన్ మోనాక్సైడు వాయువునకు వాసన లేదు. నిద్రించువారు నిద్రలోనే ప్రాణములు విడుతురు. కుంపటికి వసారాయే తగిన చోటు.

ఆహారములో పొయ్యి యక్కఱలేనివి ముఖ్యము: అటుకులు, మరమరాలు, వేయించిన సెనగపప్పు, బెల్లము. ఊరగాయ జాడిని చూచి ధైర్యపడువారున్నారు. నీరు కఱవైనపుడు ఉప్పుకారములు దప్పిక పెంచును. వీని నన్నిటిని నేలమీద గాక అటకపై నుంచవలెను. ద్రౌపది యక్షయపాత్ర సైతము ఆమె భుజించువఱకే పెట్టెనట! మన డబ్బాల కావరమును లేదు. నెలనెల పాతది వాడి క్రొత్తది నింపుచుండవలెను.

కూలికి పోవు సోదరీమణులు ఇవన్నియు ఒక్కమాఱు కొనజాలరు. వారమునకు పావుకిలో అటుకులు తీసియుంచినను కొంత యూరట. హెచ్చరిక వెలువడిన దినమున కలవారు అంగడి నూడ్చి తెచ్చుకొన్నచో, సాయంకాలము కూలినుండి వచ్చు తల్లికి పాలపొడి డబ్బా దొరకదు. నెలలకు ముందే కొనగల శక్తిగలవారు ఆనాడు అంగడికి పోకుండుటయే న్యాయమని మాకు తోచుచున్నది.

అధికారులు ఇల్లు విడువుమన్నచో నిలువ యున్నదని ఆగరాదు. అందులకై వృద్ధుల మందులు, పసివాని పాలపొడి, ముఖ్యమైన కాగితములు, తలకొక సీసా నీరు, అటుకుల పొట్లము, మూత బిగిసిన డబ్బాలో అగ్గిపెట్టె ఒక సంచిలో సర్ది, గుమ్మముచెంత చేతికందునట్లు తగిలించి యుంచవలెను.